ఊడదీసే చెయ్యి

పద్దెనిమిదేళ్లు నేను చేసింది ఇదే పని,
చర్మం మీద.
ఉలాన్‌బాతర్‌లో, కాలిన గాయాల వార్డులో.
పట్టీ ఊడదీసేటప్పుడు రోగిని మాటల్లో పెట్టాలి,
వెంట్రుక వాలిన వైపే లాగాలి,
రెండో చేత్తో చర్మాన్ని అదిమి పట్టాలి.
ఇప్పుడు కార్ల బజారు వెనక
ఒక ఇనప కంటెయినరు నా వార్డు.
హెయిర్ డ్రయ్యరు, పాత ఫోన్ కార్డు,
గిన్నెడు గొర్రె కొవ్వు.
కార్లకి మాటలక్కర్లేదు గానీ
అలవాటు పోక మాట్లాడతాను.

బుజిన్ తెచ్చిన కారు వెండిరంగుది.
జపానులో ఓడెక్కి, రైలు మారి వచ్చింది,
స్టీరింగు మనకి తప్పు వైపున పెట్టుకుని.
మొదటి కారు. సగం డబ్బు బ్యాంకుది,
పావు వంతు మేనత్తది.
"ఎగ్చే, ఒక్కటీ మిగలకూడదు" అంది.
"టాక్సీ ఎక్కినవాళ్లు
ఇంకెవరి కార్లోనో కూచున్నామనుకోకూడదు."

తలుపు అంచున నూనె మార్చిన చీటీ.
ఎనభై నాలుగు వేల కిలోమీటర్లకి మళ్లీ రమ్మంటోంది.
ఆ గడువు దాటి ఎన్నాళ్లయిందో,
పిలిచినవాడు సముద్రం అవతల.
వేడి తగలగానే ఊడొచ్చేసింది,
ఎదురుచూసి విసిగినట్టు.
టైర్లకి గాలి ఎంత కొట్టాలో చెప్పే చీటీ
ఉండనిమ్మన్నాను.
"చదవగలవా?"
"అంకెలు చదువుతాను."

ఎండకి దించుకునే రెక్క మీద పసుపు హెచ్చరిక:
పసిబిడ్డ కుర్చీ, దాని మీద ఎర్రగీత,
కింద చీమలబారు అక్షరాలు.
చదవరాకపోయినా అరుపు అరుపే.
అది మొండికేసింది.
వేడి చేస్తే వంకర తిరిగింది,
లాగితే రెక్క గుడ్డని పీచుపీచుగా వెంట తెచ్చింది.
ఆపేశాను.
మానని పుండు మీద పట్టీ లాగకూడదు,
మరో పట్టీ వెయ్యాలి.
బూడిదరంగు ఫెల్టు ముక్క కత్తిరించి
వెనక ఎలాస్టిక్ కుట్టి తొడిగాను.
"ముందు సీట్లో పసిపిల్లల్ని కూచోబెట్టకు" అన్నాను.
కప్పిన కాగితం పని
ఎవరో ఒకరు చెయ్యాలి కదా.

వెనక ఎడమ కిటికీ, కింది అంచు,
పిల్లల చెయ్యి అందే ఎత్తులో
ఒక రైలుబండి, రెండు పుట్టగొడుగులు, ఒక కప్ప.
కప్పకి ఒక కాలు లేదు. గోటి గీతలున్నాయి.
ఎవరో తీయబోయి
ఏడుపు విని ఆగినట్టున్నారు.
బుజిన్ వంక చూశాను.
"అవి కూడా" అంది, ఫోను లోంచి తలెత్తకుండా.

తీశాను.
కొవ్వు రాసి, నాననిచ్చి, కార్డుతో గీకి,
తుడిచి, తల వంచి వెలుగుకి అడ్డంగా చూశాను.
అద్దం అద్దంలా ఉంది.
ఇరవై వేల తుగ్రిక్‌లు.

డిసెంబరు. సున్నాకి ముప్పై ఒక్క డిగ్రీల కింద.
పొద్దున ఆరింటికి ఫోను.
"ఎగ్చే, అవి తిరిగొచ్చాయి."

నలుగురు ప్రయాణికుల ఊపిరి
కిటికీకి పట్టి గడ్డకట్టిందట.
అద్దమంతా తెల్లగా పేరుకుని
నాలుగు చోట్ల మాత్రం పట్టలేదట:
రైలుబండి, పుట్టగొడుగులు,
మూడు కాళ్ల కప్ప.
నా కంటికి కనపడని జిడ్డు
చలికి కనపడింది.

నా పనిలో లోపమే, ఒప్పుకున్నాను.
తీసుకురా, స్పిరిట్‌తో మళ్లీ తుడుస్తా,
లేదా డబ్బు తిరిగిస్తా.
"రేపొస్తా" అంది.

ఆ రేపు ఫిబ్రవరి దాకా సాగింది.
బజారు గేటు దగ్గర కనపడి చెప్పింది:
రోజూ బడికి తీసుకెళ్లే ముగ్గురు పిల్లలు
ఎడమ కిటికీ కోసం కొట్టుకుంటున్నారట.
కిటికీకి నోరానించి ఊది ఊది
కప్పని లేపుతున్నారట.
"గోల భరించలేను. వచ్చే వారం తెస్తా.
మొత్తం తుడిచెయ్యాలి."

సరేనన్నాను.
స్పిరిట్ సీసా మూత తీసి చూసుకున్నాను,
ఆవిరైపోయిందేమోనని. ఉంది.
వార్డు వాసన వచ్చింది. మూత బిగించాను.
మార్చి దాటితే ఊపిరి అద్దానికి గడ్డకట్టదు.
అప్పుడామె వచ్చి తుడవమంటే
ఎక్కడ తుడవాలో
ఆ పిల్లల్నడగాలి.